తూము ఎత్తిన నాటి పడవ పందెం

సరూర్‌నగర్ చెరువు మీద జరిగిన తెరచాప పడవల పందెంలో మా పడవే అన్నిటికన్నా ముందు గీత దాటింది. గెలిచింది మాత్రం వేరేవాళ్ళని చెప్పారు. జరిగిన అన్యాయం ఇంతే. ఇందులో దాచిందీ లేదు, పెంచిందీ లేదు. ఈ ముక్క ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ ఎవరితోనైనా అంటే, "వినాయకులను ముంచే చెరువుల పడవల పందెమేంది పెద్దాయనా?" అని నవ్వుతారు. నవ్వనివ్వండి. నవ్వడం అయ్యాక కూర్చోబెట్టి మొదటినుంచి చెప్తాను. చాలామంది మధ్యలోనే బస్సు వచ్చిందని లేచి వెళ్ళిపోయారు. మీకు బస్సు లేదు కాబట్టి వినండి.

ఆ రోజుల్లో మా వైపు గాలి ఊరికే దొరికేది. ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా అంటున్న చోట తుమ్మచెట్లు, బండరాళ్ళు, ద్రాక్షతోటల కంచెలు తప్ప ఏమీ ఉండేవి కావు. అక్కడ సైకిల్ దిగి నిలబడితే నెత్తిన ఉన్న టోపీ ఎగిరి చైతన్యపురిలో పడేది (చైతన్యపురి అప్పటికింకా పుట్టలేదు, టోపీయే ముందు పోయి జాగా పట్టి ఉంటుంది). దిల్‌సుఖ్‌నగర్ అంటే నాలుగు దుకాణాలు, కిరాయి సైకిళ్ళ షాపు ఒకటి, సిటీ బస్సు వెనక్కి తిరిగే మలుపు. మిగతాదంతా గాలే. అంత గాలిలో పెరిగిన నాకు బతుకు మొత్తంలో గాలితో గట్టిగా పనిపడింది ఒక్కరోజు. ఆ ఒక్కరోజే అది రాలేదు. ఇదీ అన్యాయమే. కానీ దీని మీద ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలియక ఊరుకున్నాను.

అది అరవై తొమ్మిది, మా రాష్ట్రం మాకు వేరే కావాలని ఉద్యమం లేచిన ఏడు. కాలేజీలు మూతపడ్డాయి, గోడలన్నీ నినాదాలతో నిండిపోయాయి, పిల్లలంతా రోడ్ల మీదే ఉన్నారు. నేను రోడ్డు మీద లేను, డేరాల దుకాణంలో కుట్టుమిషన్ ముందున్నాను. మా నాయన నల్లగొండ నుంచి వచ్చి మలక్‌పేట గంజి మార్కెట్టులో మూటలు మోసేవాడు. నా చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. ఆ తర్వాత నేను చదివిందంతా పొట్లాల కాగితాల మీదే. అట్లా చదివినవాడికి ఒక రోగం ఉంటుంది. అచ్చులో కనబడిన ప్రతి మాటా వేదమే అనుకుంటాడు. ఈ రోగం సంగతి గుర్తుంచుకోండి, ముందు దీనితో పనుంది.

మా దుకాణానికి హుస్సేన్‌సాగర్ మీది పడవల క్లబ్బు ఒకటి చిరిగిన తెరచాపలు పంపేది. నేను కుట్టి, సైకిల్ మీద వేసుకుపోయి ఇచ్చి వచ్చేవాణ్ణి. ఆ క్లబ్బుకు పెద్ద ఒక రిటైరైన మేజర్. అందరూ మేజర్ సాబ్ అనేవారు. మీసాలు తెల్లగా, మాట ఎర్రగా ఉండేది. నేను ఒడ్డున నిలబడి పడవలను చూసే చూపు ఆయనకు నచ్చిందో, లేక నన్ను కసిరి కసిరి అలసిపోయాడో తెలియదుగానీ, ఒకరోజు "చూస్తే ఏమొస్తది, బైఠో!" అని పడవలో కూర్చోబెట్టాడు. రెండు నెలల్లో చుక్కాని పట్టడం వచ్చింది. పందెం నిబంధనలు అచ్చువేసిన చిన్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఇచ్చాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని, మిషన్ తొక్కుతూ మొత్తం కంఠతా పట్టాను. ఆ పుస్తకం ఇవ్వడం ఆయన చేసిన పెద్ద పొరపాటని ఇప్పుడనిపిస్తుంది.

ఆ ఏడు ట్యాంక్‌బండ్ మీద రోజూ ఊరేగింపులు, లాఠీలు, రాళ్ళు. అక్కడ పందెం కుదరదని పడవలను లారీలకెక్కించి మా చెరువుకు తెచ్చారు. "ఉద్యమంల మనకు అందిన మొదటి లాభం ఇదేరా" అన్నాడు మా దుకాణం ఉస్తాద్. పడవలైతే వచ్చాయిగానీ క్లబ్బు మనుషులు సగంమంది రాలేదు. ఖాళీ పడవల ముందు నిలబడి మేజర్ సాబ్, వచ్చినవాళ్ళెవరైనా సరే ఎక్కండి అన్నాడు. గెలిచిన జోడీని బొంబాయి పంపిస్తారట. అక్కడ సముద్రం మీద పెద్ద పందెం ఉందట. సముద్రం! నేను అప్పటికి సముద్రాన్ని చూసింది క్యాలెండర్ల మీదే. నాకు కప్పూ వద్దు, చప్పట్లూ వద్దు, ఆ సముద్రం ఒక్కటి చూస్తే చాలనుకున్నాను. ఎంతగా అంటే, అన్నం ముందు కూర్చుంటే గిన్నెలో చారు ఊగడం చూసి ఆగిపోయేవాణ్ణి. మా అమ్మ "ఏమైందిరా, ఈగ పడ్డదా?" అనేది.

పడవకు ఇద్దరుండాలి. ఈత వచ్చిన మా వాళ్ళంతా ఊరేగింపుల్లో ఉన్నారు. దొరికినవాడు బందరు ఒక్కడే. బందరు అంటే మా వెనక పోర్షన్లో కిరాయికుండే గుమాస్తాగారి అబ్బాయి. నా ఈడువాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చారు. ఏ మాట మొదలుపెట్టినా "మా బందర్లో అయితేనా..." అనేవాడు కాబట్టి ఆ పేరే మిగిలింది. కాలేజీ మూతపడి, బయటికొస్తే ఎవరేమంటారో అన్న భయంతో ఇంట్లో గోళ్ళు కొరుక్కుంటూ ఉన్నాడు. "సముద్రం పక్కన పుట్టినోణ్ణి, నాకు పడవ ఒక లెక్కట్రా? పద!" అన్నాడు. నమ్మాను. సముద్రం పేరు చెప్తే అప్పుడు నేను ఏదైనా నమ్మేవాణ్ణి.

ఎండలు ముదురుతున్న రోజులు. పొద్దున పందెం మొదలయ్యేటప్పుడు మెడలో రుమాలు కదిలేంత గాలి ఉంది. ఈల మోగింది. పడవలన్నీ తెల్లగా, పద్ధతిగా చెరువు నడుమకు సాగాయి. మాది మాత్రం ఇంటికి పోవాలనుకున్న ఎద్దులా కట్టవైపు తిరిగింది. తెరచాప అటు నుంచి ఇటు మారేటప్పుడు దాని కింది అడ్డకర్ర ఊగుతుంది, తల వంచాలి. "వంగు!" అని అరిచాను. బందరు "ఏంటీ?" అని లేచి నిలబడ్డాడు. కర్ర వాడి వీపు మీద పడింది, వాడు మంచినీళ్ళ డబ్బా మీద పడ్డాడు, డబ్బా చెరువులో పడింది. మునిగిపోతూ అది చేసిన గుడగుడ శబ్దం నాకిప్పటికీ వినిపిస్తుంది.

సరిగ్గా అప్పుడే గాలి ఆగిపోయింది. తగ్గడం కాదు, ఎవరో తలుపేసినట్టు ఆగిపోయింది. తెరచాప ఆరేసిన ధోవతిలా వేలాడింది. చెరువు అద్దంలా పరుచుకుంది. అందులో మా ఇద్దరి ముఖాలు, నెత్తిన సూర్యుడు. నడుమనున్న పడవలు కూడా ఎక్కడివక్కడే నిలిచిపోయాయి. తెడ్డు వేయకూడదు, చేత్తో నీళ్ళు నెట్టకూడదు, పడవను ఊపకూడదు. కూర్చుని ఉండటమే పందెం. ఎవరు ఎక్కువసేపు కదలకుండా ఉంటారో చూడ్డానికి ఇంతమంది ఇన్ని లారీలు కట్టుకుని వచ్చినట్టుంది.

"మీ బందర్ల గిట్ల గాలి ఆగితే ఏం జేస్తరురా?" అని అడిగాను.

బందరు గోరు కొరికాడు. తర్వాత నెమ్మదిగా, "మా ఊళ్ళో సముద్రం చూడాలంటే బస్సెక్కాల్రా" అన్నాడు.

"అంటే?"

"అంటే, నేను రెండుసార్లు చూశాను. ఒడ్డునించి. పడవెక్కడం ఇదే మొదలు." పడవ అంచు పట్టుకుని, "ఈత కూడా రాదు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఉద్యమంలో విన్న మాటలన్నీ నోటికొచ్చాయి. "మీరంతా గింతేరా. రానిదంత వచ్చని చెప్పి మా కుర్చీలల్ల కూసుంటరు. నువ్వు నాన్ ముల్కీవి, బయటోనివి, నీ బరువుకే పడవ ఆగింది. దిగు!"

"దిగుతాను. దిగితే పడవలో ఒక్కడే ఉంటాడు, ఒక్కడుంటే నీ పుస్తకం ప్రకారం పందెం చెల్లదు. మరి దిగనా?"

జోడీ కట్టిన నాటినుంచి ప్రతి రాత్రీ ఆ పుస్తకాన్ని వాడికి చదివి వినిపించింది నేనే. ఆ తర్వాత ఎంతసేపో ఇద్దరం చెరో వైపు చూస్తూ కూర్చున్నాం. బయట ఇన్ని వేలమంది అటూ ఇటూ అరుచుకుంటున్న మాటే మేమిద్దరం ఒక పలక వెడల్పు పడవలో అనుకున్నాం. అక్కడ లేచి వెళ్ళిపోవడానికి జాగా లేదు. అందుకేనేమో, ఇంకాసేపటికి వాడే "నీకు నిజంగా సముద్రం చూడాలనుందిరా?" అని అడిగాడు. ఉందన్నాను. "బాగుంటుంది. నిజం. అది మాత్రం అబద్ధం చెప్పలేదు" అన్నాడు.

కట్ట మీద తూము దగ్గర నీరటి మామ కూర్చుని ఉన్నాడు. చెరువు తూము ఎత్తి, దించి, పొలాలకు వంతుల ప్రకారం నీళ్ళు వదిలే మనిషిని మా వైపు నీరటి అంటారు. ఊళ్ళో పిల్లలందరికీ ఆయన మామే. మనిషి ఎంత మంచివాడో నోరు అంత పదును. ఆంధ్రావాళ్ళ మాటెత్తితే చాలు, "గుక్కెడు నీళ్లు గూడ పుట్టొద్దురా వాళ్లకు!" అని కల్లు కాంపౌండు దద్దరిల్లేలా అనేవాడు. బందరు ఆయన కనబడితే గల్లీ మార్చేవాడు.

"ఏంరా, బతుకమ్మల లెక్క తేలుతున్నరు? చప్పట్లు కొట్టుమంటవా?" అని కట్ట మీదినుంచి అరిచాడు మామ.

"గాలి లేదు మామా!"

"గాలి లేదని నాగ్గూడ తెలుసు. గా పిలగాడేంది, గట్ల ఒరిగిండు?"

చూస్తే బందరు పడవ అంచుకు తల ఆనించి ఉన్నాడు. పెదాలు తెల్లబడ్డాయి. "దాహంరా" అన్నాడు. "చెరువు నీళ్లు తాగు" అన్నాను. అటు పక్కన బర్రెలు పడుకుని ఉన్నాయి. వాడు వాటిని చూశాడు, అవి వాణ్ణి చూశాయి, వాడు కళ్ళు మూసుకున్నాడు. మామ లేచి, తన మంచినీళ్ళ సొరకాయ బుర్ర తాడుతో సహా పైకెత్తి చూపించాడు. "ఇగో, దీన్ని ఇసిరేస్త, పట్టుకో. తాపు వానికి!"

ఇక్కడే నా పొట్లాల చదువు లేచి నిలబడింది. బయటివాళ్ళ సాయం తీసుకున్న పడవను పందెంలోంచి తీసేస్తారని పుస్తకంలో ఉంది. "వద్దు మామా! ఇసరకు! ముట్టుకుంటే మమ్ముల తీసేస్తరు!" అని రెండు చేతులూ అడ్డం పెట్టి అరిచాను. అసలు మామ మమ్మల్ని ఊరిస్తున్నాడనే అనుకున్నాను. ఆంధ్ర పిల్లవాడికి ఆయన నీళ్ళివ్వడమా? బందరు ఒక కన్ను తెరిచి నన్ను చూసిన చూపు ఉంది చూశారూ, అందులో తిట్టు కూడా లేదు. తిట్టడానికి తడి ఉండాలి కదా. మామ మాత్రం తిట్టాడు. ఏం తిట్టాడో మీ ముందు చెప్పను. తిట్టి, బుర్ర కింద పెట్టి, తూము వెనక్కి పోయాడు.

కాసేపటికి నా చేతిలో చుక్కాని కొంచెం వణికింది. తెరచాప కదల్లేదు, గాలి లేదు. కానీ కట్ట రాళ్ళు నెమ్మదిగా వెనక్కి పోతున్నాయి. మొదట నాకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాను. కాదు, పడవ కదులుతోంది! దిగువ పొలాలకు వంతు నీళ్ళు వదిలినట్టున్నారు, నీళ్ళు తూము వైపు లాగుతున్నాయి. పందెం ఆఖరి గీత కూడా అటే ఉంది, కట్ట మీది జెండాకు, నీళ్ళలో తేలే డ్రమ్ముకు నడుమ; ఏ దారిన వచ్చినా దాన్ని ముందు దాటినవాడిదే గెలుపు. మేము బర్రె నడకకన్నా నెమ్మదిగా, కానీ రాజుల్లా, ఆ గీత దాటాం. నడుమన ఉన్న తెల్లటి పడవలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. పద్ధతిగా పోయినవాళ్ళంతా వెనక, దారి తప్పినవాళ్ళం ముందు! నేను లేచి నిలబడి గంతులేశాను. పడవ తూము రాళ్ళకు ఆనింది. మామ వంగి తాడు అందుకున్నాడు. బందరు కట్ట మీదికి పాకి, బోర్లా పడి, సొరకాయ బుర్ర ఎత్తి గటగటా తాగుతున్నాడు. నేను వాడి వైపు చూడలేదు. నాకు అప్పటికే బొంబాయి కనబడుతోంది.

మేజర్ సాబ్ కట్ట మీద గొడుగు వేసుకుని వచ్చాడు. ఆయన మాట అప్పుడు ఎర్రగా లేదు, అది చూసే నాకు భయమేసింది. "బేటా, నీరటితో నువ్వు మాట్లాడినవ్. నేను చూసిన. ఆ తర్వాత తూము లేచింది. ఇది బయటి మదద్. నీ పడవ లెక్కల లేదు."

"సాబ్, గాలి, నీళ్లు రెండూ వాడుకోవచ్చని పుస్తకంల ఉంది! నీళ్లు వాటంతటవే కదిలినయ్! గియ్యాల దిగువ పొలాల వంతు! గా మామనే అడుగుండ్రి!"

ఆయన అడగలేదు. ఒక్క మాట అడిగితే ఏం పోయింది? తల ఊపి, గొడుగు తిప్పుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం కొంచెం గాలి లేచాక ఎవరో ఇద్దరు తీరిగ్గా వచ్చి గీత దాటారు, బొంబాయి పోయారు.

ఈలోపు సంగతి తెలిసి ఊరేగింపు కుర్రాళ్ళు కట్ట మీదికి పరుగెత్తుకొచ్చారు. "ముల్కీ పిలగానికి అన్యాయం!" అని నినాదం లేచింది. నన్ను భుజాల మీదికెత్తారు. నా బాధ రాష్ట్ర సమస్య అయినందుకు కొంత ఊరట కలిగింది కూడా. అంతలో వాళ్ళ నాయకుడు "జోడీ ఎవరన్నా?" అని అడిగాడు. నేను బందరును చూపించాను. నినాదం సగంలో ఆగిపోయింది. వాళ్ళలో వాళ్ళు కాసేపు చర్చించుకున్నారు. "ఎట్ల మరి? పడవల ముందటి సగానికి జై కొట్టి, ఎనక సగాన్ని వాపస్ పొమ్మందామా?" అన్నాడొకడు. తేలలేదు. నన్ను భుజాల మీదినుంచి దించి, "నువ్వు జర సోచాయించి జోడీ కట్టాల్సుండెనన్నా" అని మందలించి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత నేను క్లబ్బుకు రాసిన కార్డులకు లెక్కలేదు. ఒక్కదానికీ జవాబు రాలేదు. మేజర్ సాబ్ పోయారని తెలిసిన ఏడు కూడా ఒకటి రాశాను, అలవాటు కొద్దీ. సముద్రం మీద కూడా నాకు కోపం వచ్చింది. పిలిచి చూపిస్తామన్నవాళ్ళు చూపించలేదు కాబట్టి నా అంతట నేను పోయి చూసేది లేదని పంతం పట్టాను. బందరు చైతన్యపురిలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. వాడి కూతురి పెళ్ళికి అందరం వాళ్ళ ఊరు పోయాం. బస్సు కట్టుకుని మంగినపూడి బీచికి బయల్దేరారు. నన్నూ ఎక్కించారు. అందరూ దిగారు, నేను దిగలేదు. ముందు సీటు వీపు చూస్తూ కూర్చున్నాను. బందరు కిటికీ దగ్గరికి వచ్చి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, "ఒరేయ్, అది నీకేం చేసిందిరా?" అని బతిమాలాడు. దిగలేదు. దాని హోరు వినబడడం మాత్రం ఆపలేకపోయాను. (బాగుంది. వాడు అబద్ధం చెప్పలేదు.)

నీరటి మామ సంగతంటారా, చెరువు కింది పొలాలు ప్లాట్లయ్యాక తూముతో పని లేకపోయింది. ఆయన ఇబ్రహీంపట్నం వైపు కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. మేజర్ సాబ్ ఆయన్ను ఒక్క మాట అడగలేదని నేను కనబడిన ప్రతివాడికీ చెప్పాను. నేను అడిగానా అని నన్నెవరూ అడగలేదు. నాకూ తట్టలేదు. అడగడానికి ఏముంది, ఆ రోజు దిగువ పొలాల వంతే కదా!

నలభై ఏళ్ళు దాటాక మళ్ళీ ఉద్యమం వచ్చింది. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. మా టోపీలు ఎగిరిన చోట, నడిరోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు, గుండిగలు, పొగ, బస్సుల బదులు బంతిలో కూర్చున్న జనం. నేను బందరును కూడా లాక్కుపోయాను. "నన్నెందుకురా, నేను నాన్ ముల్కీని" అన్నాడు వాడు. "తినేటోనికి ముల్కీ ఏంది, నడువ్" అన్నాను. వాడు విస్తరి ముందు కూర్చున్నాక, నీళ్ళు పోస్తున్న గుంపు దగ్గర ఒక ముసలాయన కనిపించాడు. నడుము వంగింది, కానీ నోరు వంగలేదు. ఎవరినో "చెయ్యి కడుక్కొని ముట్టురా గుండిగె!" అని తిడుతున్నాడు. ఆ గొంతును ఎట్లా మరిచిపోతాను?

"మామా, గుర్తుపట్టినవా?"

కళ్ళు చిట్లించి చాలాసేపు చూశాడు. "పడవ పిలగానివి. గా ఆంధ్ర పోరడు మంచిగున్నడా?"

నన్ను ఎట్లున్నావని అడగలేదు, గమనించండి. "ఉన్నడు, అగో, పప్పు ఏసుకుంటున్నడు" అని చూపించాను. మామ అటు చూసి, ఏదో పని పూర్తయినట్టు తల ఊపాడు. ఇక ఆగలేకపోయాను. ఇన్నేళ్ళ నా కేసుకు బతికున్న సాక్షి ఒక్కడే, ఎదురుగా చెంబు పట్టుకుని నిలబడ్డాడు. బందరును లేపి తీసుకొచ్చాను. చుట్టూ ఉన్న నలుగురిని కూడా వినమన్నాను. గొంతు సవరించుకుని, కోర్టులో అడిగినట్టు అడిగాను. "మామా, నిజం చెప్పు. గా దినం నువ్వు తూము ఎత్తింది దిగువ పొలాల వంతనే గద? నన్ను గెలిపియ్యనీకి గాదు గద?"

మామ నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. కట్ట మీదినుంచి ఆ రోజు చూసినట్టే. బందరు చేతిలో గ్లాసు ఖాళీగా ఉంటే ముందు దాన్ని నిండా పోశాడు. పోశాక అన్నాడు:

"వంతు లేదు, గింతు లేదు. నిన్నెవడు గెలిపిస్తడురా? వాడు కండ్లు తేలేస్తుంటె బుర్ర ఇసుర్త అన్న, నువ్వు రూలు రూలని చేతులడ్డం పెడితివి. బుర్ర మీ కాడికి రాకపాయె, ఇగ మిమ్ములనే బుర్ర కాడికి గుంజిన."